గడి వెలుపల, గడి లోపల : బి. నరసింగరావు చిత్రములందలి చారిత్రకదృష్టి

తెలంగాణ రైతాంగ పోరాటమునకు సంబంధించిన సాహిత్యమును పరిశీలించువారు వట్టికోట ఆళ్వారుస్వామి నవలలను, దాశరథి రంగాచార్యుల ‘చిల్లర దేవుళ్లు’ను, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకమును, సుద్దాల హనుమంతు పాటలను తప్పక చేపట్టుదురు. అదే చరిత్రను వస్తువుగా గైకొన్న చలనచిత్రములు మాత్రము మన తెలుగుశాఖలలో పరిశోధనకు అరుదుగా ఎక్కుచున్నవి. చలనచిత్రము వినోదసాధనమనియు, అందు భాషాసాహిత్యముల పాలు స్వల్పమనియు గల తలంపే దీనికి ముఖ్యకారణమని చెప్పవచ్చును. ఆ తలంపు బి. నరసింగరావుగారి చిత్రముల విషయమున నిలువదు. ఆయన నిర్మాతలలో ఒకరైన ‘మా భూమి’, దర్శకత్వము వహించిన ‘రంగుల కల’, ‘దాసి’, ‘మట్టి మనుషులు’ అను నాలుగు చిత్రములును తెలంగాణ భాషను, పాటను, శ్రమను, దొరకును బాంచకును గల సంబంధమును భద్రపరచిన ఆధారములు.

ఈ నాలుగింటిని వెలువడిన వరుసలో చూచినచో ఒక ప్రశ్న పుట్టును. 1980లో విడుదలయైన ‘మా భూమి’యందు ఊరికి ఊరే తిరుగబడును, పాట మారుమ్రోగును, తుపాకి పేలును. 1988 నాటి ‘దాసి’యందు ఒక్క గడి, ఆ గడిలో ఒక్క పనికత్తె, మాటలు మిక్కిలి తక్కువ, తిరుగుబాటు లేనే లేదు. పోరాటమును చూపినవారు ఎనిమిదేండ్లలో మౌనమునకు ఎట్లు చేరిరి? రాజకీయమును విడిచి కళను ఆశ్రయించిరని ఒకరు ఆక్షేపింపవచ్చును. నినాదమును విడిచినందుననే కళ సిద్ధించినదని మరియొకరు మెచ్చుకొనవచ్చును. ఆక్షేపణయు, మెచ్చుకోలును ఒకే ఊహపై ఆధారపడియున్నవి: రాజకీయమొకటి, కళ వేరొకటి.

మా అభిప్రాయము వేరు. ఈ చిత్రములను నిర్మాణక్రమమున గాక కథాకాలక్రమమున చదువవలెను. ‘దాసి’ 1920ల నాటి కథ. ‘మా భూమి’ 1940ల నాటి కథ. ‘రంగుల కల’, ‘మట్టి మనుషులు’ ఆ పిదప వచ్చిన నగరజీవితపు కథలు. ఈ వరుసలో చూచినచో ‘దాసి’ వెనుకంజ కాదనియు, ‘మా భూమి’ అడుగక విడిచిన ప్రశ్నను అడుగుటయే ననియు తేలును. దీనిని నిరూపించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పూర్వరంగము

తెలుగు చిత్రమునకు రాజకీయము నరసింగరావుగారితో రాలేదు. గూడవల్లి రామబ్రహ్మము 1938లో ‘మాలపిల్ల’ను, 1939లో ‘రైతుబిడ్డ’ను తీసి అస్పృశ్యతను, జమీందారీ పద్ధతిని తెరపై విమర్శించెను. ‘రైతుబిడ్డ’లో బళ్లారి రాఘవ నటించెను, త్రిపురనేని గోపీచందు సంభాషణములు వ్రాసెను. జమీందారుల ఆగ్రహము వలన ఆ చిత్రము కొన్నిచోట్ల ప్రదర్శనకు నోచుకొనలేదు. ఐనను దానిని నిర్మించిన సారథి సంస్థకు అండ చల్లపల్లి జమీందారే! విమర్శింపబడు వర్గపు ధనముతోనే విమర్శ సాగుట ఆనాటి విచిత్రస్థితి. రామబ్రహ్మము 1946లో మరణించెను. ఆయన వేసిన బాటలో నడచినవారు ఆ పిమ్మట చాలకాలము కొలదిమందియే.

తెలంగాణ విషయము మరింత భిన్నము. చిత్రనిర్మాణము మదరాసులో స్థిరపడినందున తెరభాష కోస్తాజిల్లాల భాషయైనది. తెలంగాణ పలుకుబడి చిరకాలము నవ్వులాటకో, ముష్కరపాత్రలకో పరిమితమైయుండెను. ఈ ప్రాంతపు దొరతనమును గంభీరముగా తెరకెక్కించుటకు మొదట పూనుకొన్నవారిలో ముఖ్యులు ఇతర భాషలలో పనిచేయువారు. శ్యాం బెనెగల్ 1974లో ‘అంకుర్’, 1975లో ‘నిశాంత్’ చిత్రములను హిందీలో తీసెను. మృణాల్ సేన్ ప్రేమ్‌చందు ‘కఫన్’ కథను గైకొని 1977లో ‘ఒక ఊరి కథ’ను తెలుగున తీసెను. ఇవి ఉత్తమచిత్రములే. కాని వానియందలి దృష్టి బయటినుండి వచ్చి చూచువాని దృష్టి. ఊరివాడే తన ఊరిని చూచుకొనుట ఇంకను మిగిలియుండెను.

చిత్రలేఖనము నుండి చలనచిత్రమునకు

నరసింగరావుగారు 1946లో మెదకు జిల్లా ప్రజ్ఞాపురమున జన్మించిరి. ఆ సంవత్సరము జులై 4వ తేదీననే నాటి జనగామ తాలూకా కడివెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుషుల కాల్పులకు బలియయ్యెను. పోరాటము సాగిన 1946–51 సంవత్సరములు ఆయన శైశవకాలము. కనుక ఆ పోరాటము ఆయనకు విన్న కథయే గాని కన్న కథ కాదు. విన్నదానిని కన్నట్లు చేయుట యెట్లు అను సమస్య ఆయన కళకంతటికి మూలమని మేము తలంచుచున్నాము.

హైదరాబాదు లలితకళాకళాశాలలో ఆయన చిత్రలేఖనము అభ్యసించిరి. 1970ల తొలినాళ్లలో ‘ఆర్ట్ లవర్స్’ అను సంస్థను నడపిరి. గద్దరు అను పేరుతో పిమ్మట ప్రసిద్ధుడైన గాయకుడు తొలుత పాడినది ఈ బృందముతోడనే. ఈ బృందము నుండియే క్రమముగా జననాట్యమండలి రూపొందెను. అనగా నరసింగరావుగారు చలనచిత్రమునకు మదరాసు స్టూడియోల మార్గమున రాలేదు. కుంచె ఒక చేతను, వీధిపాట ఒక చేతను పట్టి వచ్చిరి. ఈ రెండింటి నడుమ పెనుగులాటయే ఆయన తరువాతి చరిత్ర. ‘మా భూమి’లో పాట గెలిచినది; ‘దాసి’లో కుంచె గెలిచినది.

‘మా భూమి’ : గడి వెలుపలి కథ

‘మా భూమి’ 1979లో తయారై 1980 మార్చి 23న విడుదలయ్యెను. నిర్మాతలు జి. రవీంద్రనాథ్, నరసింగరావుగారలు. దర్శకుడు వంగదేశీయుడైన గౌతం ఘోష్. ఆయనకు ఇదియే తొలి కథాచిత్రము. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దీనికి మూలము. సుంకర–వాసిరెడ్డిల నాటకముతో దీనికి గల సామ్యము పేరునందే గాని కథయందు గాదని విద్యార్థులు గుర్తింపవలెను. కథానాయకుడు రామయ్యగా నటించిన సాయిచందు ‘రైతుబిడ్డ’ సంభాషణకర్త గోపీచందు కుమారుడు. నలుబదియేండ్ల యెడమున్న రెండు రైతుచిత్రములకు ఇట్లు ఒక కుటుంబము వంతెనయైనది.

చిత్రము తయారైన కాలమును గమనింపవలెను. అత్యవసరపరిస్థితి 1977లో తొలగినది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగెను. ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలితప్రాంతములుగా ప్రకటింపబడెను. ముప్పదియేండ్ల క్రిందటి రైతుల కథ ఆనాటి ప్రేక్షకునకు నిన్నటి వార్తవలె వినిపించుటకు కారణమిదియే.

మెదకు జిల్లా పల్లెలలో చిత్రీకరణము జరిగినది. పాత్రలలో అనేకులకు తెర క్రొత్త. సుద్దాల హనుమంతు పసులకాపరి పిల్లవానిపై కట్టిన పాట, బండి యాదగిరి నైజాము ప్రభువును ధిక్కరించుచు కట్టిన పాట ఇందు చేరినవి. రెండవదానిని గద్దరు స్వయముగా తెరపై నిలిచి పాడెను. పోరాటకాలమున నోటనోట సాగిన పాట అచ్చుకన్న ముందుగా చిత్రము ద్వారా క్రొత్తతరమునకు చేరినదనిన అతిశయోక్తి కాదు. జానపదవాఙ్మయమును పరిశోధించువారు ఈ చిత్రమును శబ్దాధారముగా గ్రహింపవలసియున్నది.

కథ తెలిసినదే. వెట్టిచాకిరి క్రింద నలిగిన కుటుంబమున పుట్టిన రామయ్య ఊరు విడిచి హైదరాబాదు చేరును. అచట రిక్షా లాగును, కర్మాగారమున పనిచేయును, మఖ్దూం మొహియుద్దీన్‌ను స్ఫురింపజేయు కార్మికనాయకుని వలన చదువును, సంఘమును నేర్చును, తిరిగి వచ్చి ఊరితో కలిసి దొరను ఎదిరించును. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగి నైజాము పాలన అంతరించును. కాని పారిపోయిన దొర ఖద్దరు టోపీతో మరల ఊరు ప్రవేశించును, రామయ్య నేలకొరగును. అధికారము చేతులు మారినను భూమి చేతులు మారలేదన్న తీర్పును ఆ టోపీ ఒక్కటే చెప్పివేయును.

ఇంతటి చిత్రమునను ఒక వెలితి గలదు. రామయ్య ప్రేమించిన లంబాడీ యువతి చంద్రి దొర వాంఛకు లోబడవలసివచ్చును. ఆ గాయముతో రామయ్య ఊరు విడుచును. కథ రామయ్యతో నగరమునకు పోవును. చంద్రి వెనుక నిలిచిపోవును. గడిలో ఆమెకు ఏమి జరిగెను, ఆమె ఏమి తలచెను అనునది చిత్రమునకు ప్రధానము కాలేదు. స్త్రీకి జరిగిన అన్యాయము పురుషుని చైతన్యమునకు నిమిత్తమైనది, అంతటితో సరి. కెమేరా గడి వాకిలి వరకు పోయి ఆగినది. అది గడిని ముట్టడించిన చిత్రమే గాని గడిలో నివసించిన చిత్రము కాదు.

నడుమ ఒక మజిలీ

1983లో వెలువడిన ‘రంగుల కల’ నరసింగరావుగారి తొలి దర్శకత్వచిత్రము. ఇందు కథానాయకుడైన చిత్రకారుని పాత్రను ఆయనయే ధరించిరి. ఆ యేడు ఉత్తమ తెలుగు చిత్రముగా దీనికి జాతీయబహుమానము లభించెను. ఎవరికొరకు బొమ్మ వేయవలెను? కొనువారి గోడకొరకా, కష్టజీవుల కన్నులకొరకా? ఈ ప్రశ్నను చిత్రము అడిగినది. గద్దరు గళము ఇందును గలదు. ‘మా భూమి’ సామూహికకృషి కాగా, ఇది ఒంటరి కళాకారుని ఆత్మపరీక్ష. ప్రశ్న మాత్రము కళాశాలయందును, వీధినాటకబృందమునందును ఆయనను వెన్నాడిన పాతప్రశ్నయే.

‘దాసి’ : గడి లోపలి కథ

తెలంగాణమున దొరలు తమ కుమార్తెకు వివాహము చేసి పంపునపుడు ఆమె వెంట పేదయింటి ఆడుబిడ్డలను కూడ పంపెడివారు. వారిని ఆడబాపలనిరి. అత్తింట వారు చాకిరి చేయుదురు; దొర కోరినచో ఆతని పడకకు పోవుదురు; వారికి పుట్టిన బిడ్డకు తండ్రి పేరుండదు. పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాటచరిత్రయందు ఈ ఆచారమును వెట్టి రూపములలో ఒకటిగా పేర్కొనెను. ‘చిల్లర దేవుళ్లు’ నవలలో వనజ పాత్ర ఇట్టిదే. ఈ దాస్యము భూస్వామ్యమునకు అనుబంధము కాదు, దాని అంతఃపురరూపము. విసునూరు దేశముఖు వశమున అరువది గ్రామములలో నలుబదివేల యెకరములు ఉండెడివని సుందరయ్యయే వ్రాసెను. ఆ యెకరములను కొలుచుటకు గొలుసు గలదు గాని గడిలో వాడబడిన దేహములను కొలుచుటకు మానము లేదు.

‘దాసి’ కథానాయిక కమలాక్షి ఇట్టి గడిలోని పనికత్తె. దొర ఆమెను అనుభవించును. వచ్చిన అతిథికిని అప్పగించును. ఆమె గర్భవతి యగును. ఆ బిడ్డను నిలుపుకొనవలెనని ఆమె ఆశ. గడి ఆజ్ఞ వేరు. ఆమె గర్భము తొలగింపబడును. కథ ఇంతే. ఇందు సంఘము రాదు, పాట రాదు, ఊరు కదలదు.

ఐన ఇందు రాజకీయము ఎచట గలదు? పనియందు గలదు. ఊడ్చుట, నీరు తెచ్చుట, వడ్డించుట, చేతులు కట్టుకొని నిలుచుట – వీనిని కెమేరా తొందర లేక చూపును. ఎవరు కూర్చుందురు, ఎవరు నిలుతురు, ఏ వాకిట ఎవరు అడుగిడరాదు అను కట్టడియే ఇచట కథనము. భాషాశాస్త్రమును అభ్యసించువారికి ఇందు ఇంకొక విశేషము గలదు. గడిలో మాట పైనుండి క్రిందికి ఆజ్ఞయై దిగును. క్రిందినుండి పైకి ‘బాంచ’ అను పలుకై మాత్రమే ఎక్కును. దాసురాలను అని అర్థమిచ్చు ఆ పలుకే కమలాక్షికి వ్యవస్థ ఒసగిన వాక్కు. తక్కినదంతయు ఆమె కన్నులయందు దాగినది. మౌనము ఇచట శైలీవిలాసము కాదు. మాటాడుటకు హక్కు లేనివారి స్థితి.

ఈ చిత్రమునకు ఐదు జాతీయబహుమానములు లభించెను: ఉత్తమ తెలుగు చిత్రము, అర్చనకు ఉత్తమనటి, అపూర్వ కిషోర్ బీర్‌కు ఛాయాగ్రహణము, తోట వైకుంఠమునకు కళాదర్శకత్వము, సుదర్శన్‌కు వేషరచన. ఛాయాగ్రహణము, కళాదర్శకత్వము, వేషరచన అనునవి మూడును కంటికి సంబంధించిన శాఖలగుట గమనింపదగినది. తెలంగాణ పల్లెపడుచులను చిత్రించి ప్రసిద్ధిగాంచిన వైకుంఠము గడి గోడలను, గిన్నెలను, చీరలను ఏర్చికూర్చెను. ఆయన పటములందలి పడుచులు వన్నెలతో నిండుగా నిలుతురు. ఈ చిత్రమున ఆ పడుచుయే గోడల నడుమ కుదించుకొనిపోవును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. చంద్రిని వాకిట విడిచి రామయ్యతో పోయిన కథ, ఎనిమిదేండ్ల పిదప తిరిగి వచ్చి వాకిలి దాటినది. ‘మా భూమి’లో ఒక ఘట్టముగా నిలిచినది ‘దాసి’లో పూర్ణగ్రంథమైనది. ఈ మార్పు నరసింగరావుగారి ఒక్కరిది కాదు, ఆ దశాబ్దముది. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను ప్రకటించి, పోరాటమున పాల్గొన్న స్త్రీల జ్ఞాపకములను వారి మాటలలోనే వెలువరించెను. చరిత్రలో వదలివేయబడిన సగము మాటాడసాగిన కాలమది. గ్రంథము చిత్రమునకు ప్రేరకమని మేము అనుట లేదు. రెండును ఒకే లోటును గుర్తించినవని మాత్రము చెప్పుచున్నాము.

ఒక విదేశ సామ్యము

ఇట్టి మలుపు ఇతరదేశముల రాజకీయచిత్రములందును కానవచ్చును. ఫ్రాన్సున 1968 మే ఆందోళన తరువాత జాఁ లుక్ గొడార్ తన పేరును విడిచి, జాఁ పియేర్ గోరాఁ మున్నగువారితో జిగా వెర్తోవ్ బృందము పేర చిత్రములు తీసెను. కార్మికులు, కర్మాగారములు, సిద్ధాంతచర్చలు వాని వస్తువు. ఆ బృందము 1970ల ఆరంభమున ముగిసెను. 1975లో ఆన్ మరీ మియెవిల్ సహకారముతో ఆయన తీసిన ‘నుమెరో దూ’ ఒక శ్రామికకుటుంబపు ఇంటిలోనికి ప్రవేశించును. కర్మాగారము వెలుపల చూచిన అధికారమును వంటయింట, పడకటింట వెదకుటయే దాని పని. సమష్టి నుండి గృహమునకు మరలుట ఇచట పలాయనము కాదు. అధికారమెచట దాగియున్నదో అచటికి పోవుట. ఐనను భేదము గొప్పది. గొడార్ మాటను మాటతో ఖండించును. ఆయన తెరపై అక్షరములు, వాదములు క్రిక్కిరియును. నరసింగరావుగారు మాటనే తగ్గించిరి. పుస్తకములు నిండిన నగరమునకు ఒక మార్గము, అక్షరము నిషిద్ధమైన గడికి వేరొక మార్గము తగియున్నవి.

ఆక్షేపణ సమాధానములు

‘దాసి’యందు ప్రతిఘటన లేకుండుట చరిత్రకు విరుద్ధమా? మా దృష్టిలో కాదు. ఆంధ్రజనసంఘము 1921లో హైదరాబాదున పుట్టినది. ఆంధ్రమహాసభ ప్రథమసమావేశము 1930లో జోగిపేటలో జరిగినది. అది రైతుల సంఘముగా మారుట 1944 నాటి భువనగిరి సభతో స్పష్టమైనది. 1920లలో గడి లోపలి పనికత్తెను చేరగల సంఘమేదియు లేదు. లేనిదానిని ఉన్నట్లు చూపుట ప్రేక్షకుని తృప్తిపరచునేమో గాని చరిత్రను తృప్తిపరుపదు. పాలకుర్తి ఐలమ్మ విసునూరు దేశముఖు నెదిరించి తన పంటను నిలుపుకొనుటకు వెనుక ఇట్టి ఎన్ని మౌనములు పేరుకొనియుండెనో ‘దాసి’ తెలుపును. ‘మా భూమి’ కార్యమును చూపినది. ‘దాసి’ కారణమును చూపినది. కార్యము ముందును, కారణము వెనుకను వచ్చుట చరిత్రాన్వేషణకు సహజమే.

రెండవ ఆక్షేపణకు మాత్రము అంత సులభముగ సమాధానము చెప్పజాలము. ‘మా భూమి’ని పామరజనము చూచినది, దాని పాటలు ఊళ్లలో పాడుకొనబడినవి. ‘దాసి’ని బహుమానములు, చిత్రోత్సవములు గౌరవించినవి గాని కమలాక్షి వంటి ఇండ్లలో పుట్టినవారు ఎందరు చూచిరి? ‘రంగుల కల’లోని చిత్రకారుడు అడిగిన ప్రశ్న ఇచట దర్శకుని మీదికే తిరిగినది. రూపము లోతెక్కినకొలది ప్రేక్షకులు పలుచనైరి. ఇది నష్టమే. దీనికి దర్శకుని ఎన్నిక ఒక కారణము; ప్రదర్శనశాలలను, పంపిణీని శాసించిన వ్యాపారము అంతకన్న పెద్ద కారణము.

1990 నాటి ‘మట్టి మనుషులు’ ఈ చరిత్రకు కడపటి అంకము. పొట్టకూటికై పల్లెను విడిచి హైదరాబాదు చేరిన దంపతులు భవనముల కడ కూలిపని చేయుదురు, కాపురము చెదరును, దెబ్బ మరల స్త్రీకే ఎక్కువ తగులును. ఇందు గడి లేదు, దొర లేడు. రామయ్యకు నగరము చదువును, సంఘమును ఇచ్చినది. ఈ కూలీలకు అది ఏమియు ఈయలేదు. 1940ల నగరమునకును 1990 నాటి నగరమునకును గల ఈ యెడమును రెండు చిత్రములను ప్రక్కప్రక్కన ఉంచినగాని గ్రహింపజాలము.

ఉపసంహారము

ఇట్లు కథాకాలక్రమమున చూచినచో నరసింగరావుగారి చిత్రములు ఒకే వాదము. గడిలో మాట లేని మనిషి. గడిపై తిరుగబడిన ఊరు. గడి కూలినను భూమి దక్కక వలసపోయిన కూలి. ఈ వాదమున ‘దాసి’ ప్రథమాధ్యాయము. దానిని విడిచిన తక్కిన అధ్యాయములకు పునాది యుండదు. ఆయన రాజకీయమును విడువలేదు. రాజకీయము నివసించు చోటును మార్చి వెదకిరి.

ఈ పరిశీలన వరంగల్లు ప్రాంత పరిశోధకులకు ఒక కర్తవ్యమును సూచించుచున్నది. కడివెండి, విసునూరు, పాలకుర్తి మనకు దూరము గావు. చిరకాలము వరంగల్లు జిల్లాలో భాగమై, 2016 నుండి జనగామ జిల్లాలో ఉన్నవి. పోరాటవీరుల చరిత్ర కొంత గ్రంథస్థమైనది. గడులలో ఊడ్చినవారి, వండినవారి, బిడ్డలను పోగొట్టుకొన్నవారి మాటలు, వారి పలుకుబడులు, వారు తమలో తాము పాడుకొన్న పాటలు అంతగా గ్రంథస్థము కాలేదు. వారి కూతుండ్రు, మనుమరాండ్రు నేటికిని ఈ ఊళ్లలో ఉన్నారు. చిత్రకారుడు తెరపై మౌనముగా చూపినదానికి మాటలను సేకరించు పని తెలుగుశాఖలది. ఆ పని జరిగిననాడు ‘దాసి’ని విమర్శించుటకును, అవసరమైనచో దిద్దుటకును మనకు అధికారము కలుగును.